ఓటు లేని వీధికి మార్కులు ఎవరు వేయాలి?

జెద్దాలో షరఫియా అంటే గల్ఫ్‌తో సంబంధమున్న తెలుగు ఇంటికి కొత్త పేరేమీ కాదు. మదీనా రోడ్డు పక్కనున్న పాత పేట అది. మలయాళీ హోటళ్లు, పాలీక్లినిక్‌లు, ట్రావెల్ ఆఫీసులు, ఊరికి డబ్బు పంపే కౌంటర్లు, బకాలాలు (కిరాణా కొట్లు), వాటి మీద అద్దె గదులు. సెలవు దొరికితే నగరం నలుమూలల నుంచీ మన దేశస్థులు చేరే చోటు. కేరళవాళ్ల అడ్డాగా పేరుపడినా, రాయచోటి, కడప, జగిత్యాల, నిజామాబాద్, కోనసీమల నుంచి వెళ్లినవాళ్లకూ అది తెలిసిన వీధే. ఇక్కడ గది అద్దెకు తీసుకుని ఏళ్ల తరబడి ఉంటున్న వాళ్లలో ఎక్కువమందికి ఆ నగరంలో ఓటు లేదు, ఎప్పటికీ రాదు. చెత్త బండి వేళకు రావడం, మురుగు పొంగితే ట్యాంకరు రావడం, వీధి దీపం వెలగడం, హోటల్ వంటగదిని తనిఖీ చేయడం మాత్రం అందరిలాగే వాళ్లకూ రోజూ కావలసిన పనులు. ఈ పనులు బాగా జరుగుతున్నాయని ఎవరు చెప్పాలి? చేసిన శాఖా? చేయించుకున్న మనిషా? ఓటున్న చోట ఈ ప్రశ్నకు అయిదేళ్లకోసారైనా ఏదో ఒక జవాబు వస్తుంది. ఓటు లేని చోట పనితీరును కొలిచే పద్ధతే ఓటు చేయాల్సిన పని చేయాలి. అందువల్ల ఆ కొలత సేవ అందించే శాఖ చేతిలో ఉండకూడదనీ, ఆ వీధిలో బతుకుతున్న మనిషి నోటి నుంచే మొదలవాలనీ నా వాదన. షరఫియా గురించి చెబుతున్న ఈ మాట హైదరాబాద్‌కు కూడా వర్తిస్తుంది. అక్కడికీ వస్తాను.

సౌదీ ప్రభుత్వం కొలతను చిన్నచూపు చూసే ప్రభుత్వం కాదు. ఇది ముందుగా ఒప్పుకోవాలి. ప్రభుత్వ సంస్థల పనితీరును లెక్కగట్టడానికి 2015లోనే ఒక జాతీయ కేంద్రాన్ని పెట్టారు. దాని పేరు ‘అదా’. 2016 ఏప్రిల్‌లో ప్రకటించిన విజన్ 2030లో, ప్రపంచంలోని మేటి వంద నగరాల్లో మూడు సౌదీ నగరాలు ఉండాలని లక్ష్యం రాసుకున్నారు. ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లొచ్చినవాళ్లు తమ అనుభవానికి రేటింగ్ ఇవ్వడానికి ‘వతనీ’ యాప్ తెచ్చారు. మున్సిపల్ లైసెన్సులు, అనుమతులు ‘బలదీ’ పోర్టల్‌లోకి వచ్చాయి. రోడ్డు మీద గుంత, కదలని చెత్తకుండీ, కుళ్లిన మాంసం అమ్మే దుకాణం, ఏదైనా సరే 940కి ఫోన్ చేసి చెప్పవచ్చు. మన రాష్ట్రాల్లో ఒక్క మురుగు ఫిర్యాదు కోసం వార్డు ఆఫీసు, జోనల్ ఆఫీసు, జలమండలి మధ్య తిరిగే మనిషికి, ఒకే నంబరుకు చెబితే పని నమోదవడం చిన్న సంగతి కాదు. జెద్దా నగరపాలక వ్యవస్థ ఇరవై ఏళ్లలో చాలా మారింది. ఈ మార్పును తక్కువ చేసి చూపడం నా ఉద్దేశం కాదు.

అయితే ఫిర్యాదుల మీద కట్టిన కొలతకు పుట్టుకతోనే ఒక లోపం ఉంటుంది. ఫిర్యాదు చేసేవాడు కనిపిస్తాడు, చేయనివాడు కనిపించడు. ఒక పేట నుంచి నెలకు వంద ఫిర్యాదులు వచ్చి, పక్క పేట నుంచి నాలుగే వస్తే, డ్యాష్‌బోర్డు మీద రెండోదే ప్రశాంతంగా కనిపిస్తుంది. షరఫియాలో ఆరుగురు కలిసి ఉండే గదికి వెళ్లి ఆలోచిస్తే ఆ నాలుగు ఎందుకు నాలుగో తెలుస్తుంది. అద్దె కాగితం మరొకరి పేరు మీద ఉంటుంది. భవన యజమానితో గొడవ పెట్టుకుంటే గది ఖాళీ చేయాలి. అరబ్బీ రాదు, ఇంగ్లిష్ అంతంతమాత్రం. ఫోన్ చేస్తే ఇఖామా (నివాస అనుమతి) నంబరు అడుగుతారేమో, అడిగితే కఫీల్ (స్పాన్సరు యజమాని) దాకా పోతుందేమోనన్న బెరుకు. పైగా గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ల మాటల్లో ‘బలదియా (మున్సిపాలిటీ) వచ్చింది’ అంటే తనిఖీకి వచ్చిందని, జరిమానా పడబోతోందని అర్థం. హోటల్‌లో వంటవాడికైనా, సెలూన్‌లో మంగలికైనా ఆ ఆఫీసు ముందుగా భయపెట్టే ఆఫీసు. భయపెట్టే ఆఫీసుకు ఫోన్ చేసి మురుగు పొంగుతోందని చెప్పే అలవాటు ఎవరికి వస్తుంది? ఇది సౌదీకే పరిమితమైన సంగతి కాదు. అమెరికా నగరాల్లో 311 నంబరుకు వచ్చే ఫిర్యాదులను పరిశీలించిన పరిశోధకులు, సమస్య అంతే తీవ్రంగా ఉన్నా కొన్ని పేటల నుంచి ఫిర్యాదులు తక్కువగా, ఆలస్యంగా వస్తాయని చూపారు. ఫిర్యాదుల సంఖ్యనే అవసరానికి కొలతగా తీసుకుంటే నోరున్న పేటకు మరింత సేవ, నోరులేని పేటకు మరింత మౌనం దక్కుతాయి.

కాగితం మీది పని, నేల మీది పని వేరైతే ఏమవుతుందో జెద్దాకు చెప్పనక్కర్లేదు. 2009 నవంబర్ 25న, హజ్ యాత్ర రోజుల్లో, నాలుగు గంటల్లోనే 90 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసింది. నూట ఇరవై మందికి పైగా చనిపోయారు. వాగు పారే దారిలో లేచిన ఖువైజా లాంటి తూర్పు పేటలు ఎక్కువగా నష్టపోయాయి. నగరంలో అత్యధిక భాగానికి అప్పటికి మురుగు కాల్వల వ్యవస్థే లేదు. ఇళ్ల కింది గుంతల్లోంచి తోడిన మురుగును ట్యాంకర్లు నగరానికి తూర్పున తీసుకెళ్లి పారబోసేవి. అలా పారబోయగా పారబోయగా ఏర్పడిన పెద్ద మురుగు చెరువుకు జనం ‘కస్తూరి సరస్సు’ అని పేరుపెట్టారు. ఆ వరదల్లో దాని కట్ట ఎక్కడ తెగుతుందోనని నగరం వణికింది. ట్యాంకర్ల ట్రిప్పులు లెక్కేస్తే మురుగు తీసే సేవ ఏళ్ల తరబడి జరిగినట్టే. ఆ మురుగు ఎక్కడికి చేరుతోందన్నది లెక్కేస్తే అసలు సేవే లేదు. రాజు అబ్దుల్లా మక్కా గవర్నర్ ఖాలిద్ అల్ ఫైసల్ అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. అధికారులు, కాంట్రాక్టర్లు కోర్టు మెట్లెక్కారు, పలువురికి జైలు శిక్షలు పడ్డాయి. సౌదీ పాలనలో అది అరుదైన ఘట్టం. పూర్తయినట్టు రాసుకున్న వరద కాల్వల పనులు ఎక్కడున్నాయన్న ప్రశ్న బహిరంగంగా వినిపించిన సందర్భమది. ఆ రోజు వరదలో పద్నాలుగు మందిని కాపాడి తాను మునిగిపోయిన ఫర్మాన్ అలీ ఖాన్ పాకిస్తాన్‌లోని స్వాత్ నుంచి వచ్చిన వలస మనిషి. జెద్దాలో ఒక వీధికి ఆయన పేరు పెట్టారు. నగరం మునిగినప్పుడు దాన్ని తన నగరం అనుకున్నవాళ్లలో ఓటు లేనివాళ్లూ ఉన్నారని చెప్పడానికి ఈ ఒక్క పేరు చాలు.

రెండేళ్లు తిరక్కుండానే 2011 జనవరిలో మళ్లీ వరద. ఆ తర్వాతే ఆనకట్టలు, వరద కాల్వల పనుల పర్యవేక్షణను ఆరాంకో సంస్థకు అప్పగించారు. 2022 నవంబర్ 24న దక్షిణ జెద్దాలో 179 మిల్లీమీటర్ల వాన పడింది, అంటే 2009ని మించిన వాన. ఇద్దరు చనిపోయారు, కార్లు మునిగాయి, మక్కా రోడ్డు మూతపడింది. అయినా 2009 మృతుల సంఖ్యతో పోల్చండి. ఈ రెండు లెక్కల మధ్య తేడా వాతావరణం చలవ కాదు. బయటివాళ్లు వచ్చి పనిని నేల మీద చూశారు, తప్పుచేసినవాళ్లు బోనెక్కారు, పనిచేసే బాధ్యత ఎవరిదో స్పష్టమైంది. జెద్దా అనుభవం నుంచి నేను తీసుకునే పాఠం ఇది. కొలత శాఖ గోడలు దాటి బయటికొచ్చిన తర్వాతే ఫలితం మారింది. బాధ ఏమిటంటే, ఆ బయటి చూపు రావడానికి వందమందికి పైగా చనిపోవాల్సి వచ్చింది.

లక్ష్యం ఎంత ఘనంగా నెరవేరినా, లెక్కలోకి రాని మనిషికి ఏమవుతుందో చెప్పే మరో సందర్భం 2021 అక్టోబర్‌లో మొదలైంది. ప్రణాళిక లేకుండా పెరిగిన అరవైకి పైగా పేటలను జెద్దాలో కూల్చివేశారు. రువైస్, బనీ మాలిక్, గులైల్, పెట్రోమిన్ లాంటి పేర్లు ఆ జాబితాలో ఉన్నాయి. ఇరుకు సందులు, నేరాలు, మత్తు పదార్థాలు, అంబులెన్సు కూడా వెళ్లలేని దారులు. ప్రభుత్వం చెప్పిన కారణాలను కొట్టిపారేయలేం. అర్హులైన సౌదీ కుటుంబాలకు సాయం, ఇళ్లు ప్రకటించారు. షెడ్యూలు ప్రకారం కూల్చివేత సాగింది. గడువు, విస్తీర్ణం, ఖాళీ అయిన భూమి లాంటి ఏ సూచికతో చూసినా అది విజయమే. కానీ నగరపాలక పత్రాల ఆధారంగా ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2022లో చెప్పిందేమిటంటే, అయిదు లక్షల యాభై వేలకు పైగా జనం మీద దీని ప్రభావం పడింది, వాళ్లలో దాదాపు సగంగా ఉన్న విదేశీయులను పరిహార పథకం నుంచి మినహాయించారు. అద్దెకున్న కూలీ ఎక్కడికి పోయాడు, పని చోటుకు ఎంత దూరమయ్యాడు, కొత్త గదికి ఎంత కడుతున్నాడు అని అడిగే గడి ఏ పట్టికలోనూ కనిపించదు. కూలిన పేటల జనం మిగిలిన పాత పేటల మీద పడితే అక్కడి చెత్త, నీరు, మురుగు సేవలు ఎంత బరువు మోయాలన్నది కూడా ఆ పట్టికలు చెప్పవు.

‘మరి ఓటే అడగవచ్చు కదా?’ అంటారు కొందరు. సౌదీలో మున్సిపల్ మండళ్లకు 2005, 2011, 2015లలో ఎన్నికలు జరిగాయి. 2015 డిసెంబర్‌లో మహిళలు తొలిసారి ఓటేశారు, పోటీ చేశారు. ఓటరు కావాలంటే మాత్రం సౌదీ పౌరుడై ఉండాలి. 2022 జనగణన ప్రకారం ఆ దేశంలోని 3.22 కోట్ల జనాభాలో 1.34 కోట్ల మంది విదేశీయులు, అంటే నూటికి 41 మందికి పైగా. స్వీడన్ 1976 నుంచి విదేశీ నివాసులకు స్థానిక ఎన్నికల్లో ఓటు ఇస్తోంది. సౌదీలో అది రేపో ఎల్లుండో జరుగుతుందని ఎవరూ అనుకోరు, నేనూ అనుకోను. ఓటు రావాలని ఎదురుచూస్తూ కూర్చుంటే మన పిల్లలు కూడా అదే వీధిలో అదే మురుగు దాటుతూ ఉంటారు. అభిప్రాయం అడగడానికి రాజ్యాంగాలు మార్చనక్కర్లేదు, పౌరసత్వ చట్టం తిరగరాయనక్కర్లేదు. పనితీరును కొలిచే కేంద్రం ఆ దేశంలో ఇప్పటికే ఉంది. ఎవరిని అడగాలన్న నిర్ణయం ఒక్కటే మిగిలింది.

పనికోసం వెళ్లినవాళ్లు అక్కడి నగరపాలక వ్యవస్థను ప్రశ్నించడమేమిటన్న అభ్యంతరం మన దగ్గరే ఎక్కువ వినిపిస్తుంది. జీతం కోసం వెళ్లారు, తీసుకుని రావాలి, అంతే అంటారు. ఈ మాటలో ఒక లెక్క మరిచిపోతున్నారు. 2018లో 5 శాతంగా మొదలైన విలువ ఆధారిత పన్ను 2020 జులై నుంచి 15 శాతమైంది. షరఫియా బకాలాలో సబ్బు కొన్న తెలుగు కూలీ కూడా అది కడుతున్నాడు. కుటుంబాన్ని వెంట ఉంచుకున్న ఉద్యోగి 2017 జులై నుంచి ఒక్కో మనిషికి నెలకు 100 రియాళ్లతో మొదలుపెట్టి, 2020కి 400 రియాళ్ల దాకా రుసుము కట్టాల్సి వచ్చింది. ఆ భారం మోయలేక భార్యాపిల్లలను ఇంటికి పంపేసిన తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. విదేశీ కార్మికుడి పేరున యజమాని కట్టే నెలవారీ లెవీ కూడా 2020కి 700, 800 రియాళ్లకు చేరింది. కట్టేవాడికి అడిగే హక్కు లేదనడం ఏ ధర్మం ప్రకారమూ నిలవదు. డబ్బు సంగతి పక్కన పెట్టినా ఆరోగ్యం సంగతి ఉంది. కిక్కిరిసిన గదుల్లో రోగం పుడితే అది పౌరుడిని వదిలి విదేశీయుడిని మాత్రమే పట్టుకోదు. 2020లో కొవిడ్ వచ్చినప్పుడు సౌదీ అధికారులు కార్మికుల నివాసాలను ఆగమేఘాల మీద తనిఖీ చేయాల్సి వచ్చింది ఇందుకే. ఆ గదుల స్థితి ముందే తెలిసి ఉంటే ఆ పరుగు అక్కర్లేకపోయేది.

సాంకేతికత అన్నీ సరిదిద్దుతుంది, మనుషుల్ని అడగడం దేనికి, కెమెరాలూ యాప్‌లూ చాలు అన్నది ఇంకో అభ్యంతరం. దీనికి జవాబు మన ఊళ్లలోనే ఉంది. పారిశుద్ధ్య కార్మికుల హాజరుకు హైదరాబాద్ మహానగర పాలక సంస్థ వేలిముద్రల యంత్రాలు తెచ్చింది. కాగితాల మీద మాత్రమే ఉన్న కార్మికులను ఏరేయడం దాని ఉద్దేశం. 2017లో పోలీసులు పట్టుకున్నదేమిటి? కృత్రిమ వేలిముద్రలు తయారుచేయించి, రాని కార్మికుల హాజరు వేసి, వాళ్ల జీతాలు కాజేస్తున్న క్షేత్రస్థాయి సిబ్బందిని. వీధి ఊడ్చారా లేదా అన్నది ఆ వీధిలో ఇల్లున్న ఆడమనిషిని అడిగితే ఒక్క నిమిషంలో చెబుతుంది. ఆమెను అడగకుండా వేలును అడిగారు. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని, లేకపోతే సర్పంచ్, కార్యదర్శి పదవులకే ముప్పని రాసింది. ఆశయం గొప్పదే. కానీ కరువు మండలంలోనూ, చెరువు పక్క ఊరిలోనూ ఒకే శాతం అడిగితే, మొక్కకు పోయాల్సిన నీళ్లకంటే రిజిస్టరులో రాయాల్సిన అంకె ముఖ్యమవుతుంది. ఆ ఒత్తిడి మోసింది తక్కువ జీతానికి ప్రొబేషన్‌లో ఉన్న జూనియర్ పంచాయతీ కార్యదర్శులు. 2023 వేసవిలో వాళ్లు రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. రెగ్యులరైజేషన్ కోసం చేసిన సమ్మె అది, అయినా పని భారం గురించి వాళ్లు చెప్పింది వినాల్సిన మాట.

ఆంధ్రప్రదేశ్ కథ ఇంకా దగ్గరి ఉదాహరణ. 2019 అక్టోబర్ 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలు దాదాపు 15 వేలు. లక్షకు పైగా ఉద్యోగులు. 72 గంటల్లో సేవ అందిస్తామన్నది హామీ. గడువు దాటిన అర్జీని ‘బియాండ్ ఎస్‌ఎల్‌ఏ’ అంటారు. ప్రతి సమీక్షలోనూ అధికారులకు చెమటలు పట్టించే మాట అది. గడువు దాటకూడదన్న ఒత్తిడి వల్ల ఫైళ్లు నిజంగా కదిలాయి, కాదనను. దాంతోపాటే అర్జీని ఎలాగోలా ఒక ఎండార్స్‌మెంట్ రాసి మూసేయడం, అదే మనిషి అదే సమస్యతో మరో అర్జీ పెట్టడం కూడా పెరిగాయి. అర్జీల కార్యక్రమానికి స్పందన అన్న పేరు పోయి మరో పేరు, అది పోయి మరో పేరు వచ్చినా సోమవారం కలెక్టరేట్ ముందు అర్జీలతో నిలబడే జనంలో మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు కనబడుతూనే ఉన్నారు. ఈ లోపాన్ని ప్రభుత్వాలు గుర్తించకపోలేదు. ఐవీఆర్‌ఎస్ ఫోన్లు చేసి సంతృప్తి అడగడం, అసంతృప్తి చెబితే అర్జీని తిరిగి తెరవడం మొదలుపెట్టాయి. సరైన దిశలో వేసిన అడుగే. అయితే ఫోన్ చేసేదీ ప్రభుత్వమే, ఫలితం దాచుకునేదీ ప్రభుత్వమే. ఏ మండలంలో ఎంతమంది అసంతృప్తి చెప్పారో ఆ మండలం జనానికి తెలిసేలా గోడమీద పెట్టినప్పుడే అది కొలత అవుతుంది. అంతవరకూ అది అధికారుల అంతర్గత సమీక్షకు పనికొచ్చే కాగితం మాత్రమే.

గడువులూ లక్ష్యాలూ వ్యర్థమని నేను అనడం లేదు. బ్రిటన్ ఆసుపత్రుల్లో అత్యవసర విభాగానికి వచ్చిన రోగిని నాలుగు గంటల్లో చూసి పంపాలన్న లక్ష్యం పెట్టాక, గంటల తరబడి ఎదురుచూపులు నిజంగానే తగ్గాయి. అదే లక్ష్యం వల్ల నాలుగో గంట ముగిసే చివరి నిమిషాల్లో రోగుల్ని హడావుడిగా వార్డులకు తరలించడం, గడియారం మొదలవకుండా అంబులెన్సులను ఆవరణలోనే ఆపడం కూడా జరిగాయి. లక్ష్యం పెట్టాలి, దానితోపాటు ఆ లక్ష్యాన్ని అందుకున్న తీరును రోగి చెప్పే దారి కూడా ఉండాలి. రెండోది లేకుండా మొదటిది పెడితే ఉద్యోగి అంకెకు సేవ చేస్తాడు.

అడగడం ఎలా అంటే, మన పొరుగునే ఒక దారి వేసి చూపారు. అహ్మదాబాద్ ఐఐఎం డైరెక్టరుగా పనిచేసిన శామ్యూల్ పాల్ 1994లో బెంగళూరులో పౌరుల చేత ప్రభుత్వ సంస్థలకు ప్రోగ్రెస్ రిపోర్టు ఇప్పించారు. నగరమంతటా కాదు, నమూనాగా ఎంచుకున్న కొన్ని వందల మధ్యతరగతి ఇళ్లను, మురికివాడల ఇళ్లను అడిగారు. నీళ్ల బోర్డు, కరెంటు, నగరపాలక సంస్థ, అభివృద్ధి సంస్థ దేనికీ నూటికి పదిమంది కూడా సంతృప్తి చెప్పలేదు. పత్రికలు ఆ మార్కులను అచ్చువేశాయి. 1999లో మళ్లీ అడిగారు, 2003లో మళ్లీ అడిగారు. మొదట పెడచెవిన పెట్టిన సంస్థలే తర్వాత కూర్చుని మాట్లాడాయి, 2003 నాటికి మార్కులు గణనీయంగా పెరిగాయి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులకు 2006లో మొదలైన సామాజిక తనిఖీ మరో మార్గం. కూలీల కుటుంబాల నుంచే యువతను ఎంపికచేసి, శిక్షణ ఇచ్చి, తమది కాని ఊళ్లో మస్టర్ రోల్ పట్టుకుని ఇంటింటికీ తిప్పారు. ‘నువ్వు ఈ రోజు పనికెళ్లావా, ఈ డబ్బు నీకందిందా’ అని అడిగించారు. తేలిన సంగతిని మండల కేంద్రంలో బహిరంగ వేదిక మీద, అధికారుల ఎదుట చదివించారు. తనిఖీ చేసే సొసైటీని పని అమలుచేసే విభాగం నుంచి వేరుచేసి, ఖర్చులో అర శాతం దానికి కేటాయించే ఏర్పాటు వచ్చింది. ఎంతమంది దొంగలు దొరికారన్నది కాదు నాకు ముఖ్యం. రిజిస్టరులో పేరున్న మనిషిని ఆ రిజిస్టరు గురించి అడగడమే ఆ పద్ధతి ప్రాణం.

షరఫియాలో ఇదే పద్ధతి సాధ్యమేనా? బహిరంగ సభ సాధ్యం కాదు, అక్కడి చట్టాలు వేరు. నమూనా సర్వే మాత్రం పూర్తిగా సాధ్యం. పనితీరు కొలిచే జాతీయ కేంద్రం ప్రతి మూడు నెలలకూ పేటలవారీగా కొన్ని వందలమందికి ఫోన్ చేయించవచ్చు. మలయాళం, ఉర్దూ, బెంగాలీ, తెలుగు, తగలోగ్, అమ్హారిక్ మాట్లాడేవాళ్లకు ఆ దేశంలో కరువు లేదు. ఇఖామా నంబరు అడగకూడదు, పేరు రాసుకోకూడదు, ఫోన్ చేసే సంస్థకు తనిఖీ, జరిమానా విభాగాలతో సంబంధం ఉండకూడదు. చెత్త ఎన్నాళ్లకోసారి తీస్తున్నారు, పోయిన నెల ఎన్నిసార్లు మురుగు పొంగింది, ఫిర్యాదు చేశారా, చేయకపోతే ఎందుకు చేయలేదు. ఈ నాలుగు ప్రశ్నలు చాలు. నాలుగోదే అన్నిటికంటే విలువైనది. వచ్చిన జవాబులను నగరం మొత్తానికి సగటు వేసి కాకుండా పేట పేరుతోనే ప్రచురించాలి. నగర సగటులో సముద్రతీరపు విల్లాల మార్కులు షరఫియా మార్కులను మింగేస్తాయి. మేటి వంద నగరాల్లో చోటు కోరుకునే దేశానికి ఈ సమాచారం శత్రువు కాదు. నగరంలో దాదాపు సగం జనం ఏమనుకుంటున్నారో తెలియకుండా ఆ జాబితాలోకి ఎక్కడం ఎలాగన్నది వాళ్లే ఆలోచించుకోవాల్సిన విషయం. జెద్దాలోని మన కాన్సులేట్, తెలుగు సంఘాలు వినతిపత్రం ఇవ్వదలిస్తే, పండుగలకు హాలు అడిగినంత శ్రద్ధగా దీన్నీ అడగవచ్చు.

కింది ఉద్యోగుల మీద వేటు పడుతుందన్న భయం న్యాయమైనదే. జెద్దా వీధులు ఊడ్చేవాళ్లు కాంట్రాక్టరు కింద పనిచేసే దక్షిణాసియా కూలీలు. సర్వేలో మార్కులు తక్కువొచ్చి కాంట్రాక్టరుకు జరిమానా వేస్తే, అతను దాన్ని ఊడ్చే మనిషి జీతంలోంచి కోసేస్తే, ఓటు లేనివాడి గొంతు వినబోయి ఓటు లేని ఇంకొకడి కడుపు కొట్టినట్టవుతుంది. అందుకే ఆ వందల ఫోన్లలో కొన్ని ఊడ్చేవాళ్లకూ వెళ్లాలి. ఒక్కొక్కరికీ ఎంత పొడవు రోడ్డు ఇచ్చారు, బండి ఉందా, జీతం వేళకు వచ్చిందా అని అడగాలి. చెత్త మిగిలిపోయిన వీధికీ, మనుషుల్ని తగ్గించిన కాంట్రాక్టుకూ ఉన్న సంబంధం అప్పుడే బయటపడుతుంది.

ఇక మన నగరాల సంగతి. హైదరాబాద్ గచ్చిబౌలి, కొల్లూరు భవనాల పనుల దగ్గర రేకుల షెడ్లలో ఉండే ఒడియా, బిహారీ, ఛత్తీస్‌గఢ్ కూలీలకు ఆ డివిజన్‌లో ఓటు లేదు. వాళ్ల ఓటు ఊళ్లో ఉంది. ఆ షెడ్ల దగ్గరికి చెత్త బండి వస్తోందో లేదో ఏ కార్పొరేటరూ ఎన్నికల భయంతో చూడనక్కర్లేదు. 2020 లాక్‌డౌన్‌లో తెలంగాణ ప్రభుత్వం వలస కూలీకి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించినప్పుడు, వాళ్లెందరున్నారో లెక్క తీయాల్సి వచ్చింది. మూడు లక్షలు దాటారు. ఆ మే 1న లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు కదిలింది. ఆ తర్వాత ఆ లెక్క ఏమైంది? స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకుల కోసం నగరాలు పౌరుల అభిప్రాయాలు సేకరిస్తాయి. ఆ అభిప్రాయాల్లో షెడ్లలోని మనిషి మాట ఎంత? జగిత్యాల మనిషికి షరఫియాలో దక్కాలని మనం కోరుకునే మర్యాద, ఒడిశాలోని బలంగీర్ మనిషికి కొల్లూరులో మనం ఇచ్చామా? ఓటున్నవాళ్ల పరిస్థితీ అంత గొప్పగా లేదు. తెలంగాణ పంచాయతీల గడువు 2024 జనవరి ఆఖరుకు ముగిస్తే, ఆ తర్వాత దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులే నడిపారు. ఆ రెండేళ్లలో ఊరి నీళ్ల ట్యాంకు ఎన్నిసార్లు కడిగారో చెప్పమని ఊరిని ఎవరూ అడగలేదు. జీహెచ్‌ఎంసీ తన డివిజన్ల పారిశుద్ధ్యం మీద తదుపరి సర్వే చేయించినప్పుడు, ఓటరు జాబితానే కాకుండా భవన నిర్మాణ అనుమతుల జాబితాను కూడా దగ్గర పెట్టుకుని, ప్రతి పెద్ద సైటు దగ్గరి షెడ్లలో హిందీ, ఒడియా తెలిసినవాళ్ల చేత పది మందిని అడిగించాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, కమిషనర్ సంతకం చాలు.